‘స్టేబుల్’ అంటే ఏది స్థిరం? ఫ్రీబీఎస్‌డీ బ్రాంచీల కథ

ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏ రోజు చూసినా ఒక్కటిగా ఉండదు. కరెంట్, స్టేబుల్, రిలీజ్ అని మూడు రూపాల్లో ఒకేసారి బతుకుతూ ఉంటుంది. మూడూ ఒకే సోర్సు కోడ్ నుంచి చీలిన కొమ్మలే. పేర్లను నమ్ముకుని వాటిలో ఒకదాన్ని ఎంచుకోబోతే మాత్రం తప్పులో కాలేసినట్టే. కరెంట్ అనగానే ఈ రోజు వాడుకోదగ్గ తాజా సరుకు అనిపిస్తుంది. నిజానికి అది ఇంకా పొయ్యి మీదున్న వంట. స్టేబుల్ అనగానే కళ్లు మూసుకుని సర్వర్‌లో పెట్టేయొచ్చనిపిస్తుంది. కానీ ఆ పేరు చెప్పే స్థిరత్వం వేరే రకానిది. చాలామందికి కావలసింది మూడోది, రిలీజ్. ఈ తికమక వయసు ఇంచుమించు ఫ్రీబీఎస్‌డీ వయసంత.

కథ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో మొదలవుతుంది. అక్కడి పరిశోధకులు ఏటీ అండ్ టీ వారి యూనిక్స్ మీద పనిచేస్తూ చేస్తూ బీఎస్‌డీ అనే సొంత యూనిక్స్‌నే తయారుచేసుకున్నారు. దాన్ని ఇంటెల్ 386 చిప్పున్న మామూలు పీసీల మీదికి దించినవారు విలియం జోలిట్జ్, లిన్ జోలిట్జ్ దంపతులు. ఆ 386బీఎస్‌డీకి వాడకందారులు పంపిన సవరణలు గుట్టలుగా పేరుకుపోయాయి. వాటిని ఒక మూటగా కట్టి చూసుకుంటున్న నేట్ విలియమ్స్, రాడ్ గ్రైమ్స్, జోర్డన్ హబ్బార్డ్ 1993లో విడిగా ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఫ్రీబీఎస్‌డీ అన్న పేరు డేవిడ్ గ్రీన్‌మన్ సూచించినది. బర్క్‌లీ కోడ్ మీద నడిచిన హక్కుల దావా 1994 మొదట్లో రాజీతో ముగిసింది. ఆ రాజీ వల్ల పాత పునాదిని వదిలేసి 4.4బీఎస్‌డీ-లైట్ మీద ఇల్లంతా తిరిగి కట్టుకోవలసి వచ్చింది. అలా కట్టిన 2.0 అదే ఏడాది నవంబరులో బయటికొచ్చింది. దాని మరకలు తుడిచిన 2.0.5 మరుసటి జూన్‌లో వచ్చింది.

బ్రాంచీ అనే ఆలోచన ఫ్రీబీఎస్‌డీలో పుట్టింది ఈ 2.0.5 దగ్గరే. అప్పటిదాకా ప్రాజెక్టుకు ఒకే దారి ఉండేది. రాసేవాళ్లూ వాడేవాళ్లూ ఆ దారినే నడిచేవారు. ఈలోగా ఇంటర్నెట్ సర్వీసు ఇచ్చే చిన్న చిన్న కంపెనీలు ఫ్రీబీఎస్‌డీని సర్వర్లలో పెట్టుకోవడం మొదలుపెట్టాయి. నిన్న రాత్రి ఎవరో మెమరీ నిర్వహణను తిరగరాశారని ఇవాళ తమ ఖాతాదారుల మెయిల్ ఆగిపోవడం వాటికి కుదరదు. అలాగని ఆ కంపెనీల కోసం కొత్త ఆలోచనలకు తాళం వేయడం డెవలపర్లకూ కుదరదు. దాంతో కోడ్ రెండుగా చీలింది. ప్రయోగాలకు కరెంట్, ఒడిదుడుకులు వద్దనుకునేవారికి స్టేబుల్. 2.1 పేరుతో నడిచిన ఆ మొదటి స్టేబుల్ 1997 ఫిబ్రవరిలో 2.1.7.1తో ఆగిపోయింది.

బ్రాంచీ అంటే ఏమిటో ఇక్కడే చూడాలి. సోర్సు కోడ్ అంటే కొన్ని వేల ఫైళ్లు, వాటిలో జరిగిన ప్రతి మార్పు చరిత్ర. ఒకానొక రోజున ఆ కోడ్ ఎలా ఉందో అలా గుర్తుపెట్టి, దానికో పేరిచ్చి, అక్కడి నుంచి రెండో చరిత్ర రాయడం మొదలుపెడితే అదే బ్రాంచీ. చీలిన క్షణంలో రెండూ కవలలు. మర్నాటి నుంచి ఎవరి బతుకు వారిది. ఇప్పటి వాడుకలో కరెంట్ ఉండే మానుకు మెయిన్ అని పేరు. రెండు మూడేళ్లకోసారి మెయిన్ నుంచి ఒక పెద్ద కొమ్మ చీలుతుంది. 2023 ఆగస్టులో చీలిన స్టేబుల్/14 అలాంటిదే. అది చీలగానే మెయిన్ తన పేరును 15.0-కరెంట్‌గా మార్చుకుంది. విడుదల దగ్గరపడ్డప్పుడల్లా స్టేబుల్ నుంచి మరో చిన్న కొమ్మ చీలుతుంది. దానికి రెలెంగ్/14.0, రెలెంగ్/14.1 లాంటి పేర్లుంటాయి. రిలీజ్ ఇంజనీరింగ్ అన్న మాటకు అది కుదింపు. డీవీడీ గానీ ఇమేజ్ ఫైలు గానీ తయారయ్యేది ఈ చిన్న కొమ్మ మీదే.

మరి స్టేబుల్‌లో స్థిరంగా ఉండేదేమిటి? కెర్నెల్‌కూ ప్రోగ్రాములకూ మధ్య ఒక రాతకోతల ఒప్పందం ఉంటుంది. ఫలానా పని కావాలంటే ఫలానా నంబరుతో పిలవాలి, జవాబు ఫలానా ఆకారంలో వస్తుంది, అందులో ఫలానా బైట్లలో ఫలానా సంగతి ఉంటుంది. దీన్నే ఏబీఐ అంటారు. ఒక స్టేబుల్ బ్రాంచీ బతికున్నంతకాలం ఈ ఒప్పందం చెడకూడదన్నది నియమం. 14.0 మీద కంపైల్ చేసిన ప్రోగ్రాము 14.3 మీద కూడా నడవాలి. కదలకూడనిది ఈ ఒప్పందమే. కోడ్ మాత్రం కదులుతూనే ఉంటుంది. రోజూ కొత్త మార్పులు వస్తాయి, వాటితో అప్పుడప్పుడు కొత్త తప్పులూ వస్తాయి. స్టేబుల్‌ను ఏదో ఒక మంగళవారం దించుకుని సర్వర్‌లో పెట్టినవాడికి ఆ మంగళవారపు తప్పు కూడా దక్కుతుంది. ఇంత ముఖ్యమైన తేడాను ఇంత మోసపు పేరు వెనక దాచడం ఫ్రీబీఎస్‌డీ చేసిన చిన్న అపరాధాల్లో ఒకటనే చెప్పాలి.

ఒప్పందం ఎంత గట్టిదో తెలియాలంటే ఐనోడ్ సంగతి చూస్తే చాలు. డిస్కులో ప్రతి ఫైలుకూ ఒక వరస సంఖ్య ఉంటుంది. దాని పేరు ఐనోడ్ సంఖ్య. ఫ్రీబీఎస్‌డీ చాలాకాలం దానికి 32 బిట్లు కేటాయించింది. అంటే 400 కోట్ల పైచిలుకు ఫైళ్లు. పెద్ద పెద్ద ఫైల్ సిస్టమ్‌లు వచ్చాక అది చాలలేదు. 64 బిట్లకు పెంచాలంటే, ఫైలు వివరాలు అడిగినప్పుడు కెర్నెల్ ఇచ్చే జవాబు ఆకారమే మారిపోతుంది. తరవాతి బైట్లన్నీ పక్కకు జరుగుతాయి. ఈ మార్పు 2017 మేలో కరెంట్‌లో చేరింది. అది ఎంత మంచి మార్పయినా అప్పటి స్టేబుల్/11లోకి దిగే వీల్లేదు. 2018 డిసెంబరులో వచ్చిన 12.0 దాకా ఆగాల్సిందే. పాత ప్రోగ్రాములు నడవడానికి కొత్త కెర్నెల్ పాత నంబర్లను కూడా దగ్గరుంచుకుని, వాటితో పిలిస్తే పాత ఆకారంలోనే జవాబిస్తుంది.

స్టేబుల్‌లోకి దిగగలిగే మార్పులకు ఒక పద్ధతుంది. తప్పు ఎక్కడ బయటపడినా దిద్దుబాటు ముందు మెయిన్‌లోనే చేరుతుంది. కొన్నాళ్లు అక్కడ నలిగాక స్టేబుల్‌కు దిగుతుంది. కాలువ నీరు బోదెకు దిగుతుంది తప్ప బోదె నీరు కాలువకు ఎక్కదు. ఈ దింపుడుకు అక్కడివారు ఎంఎఫ్‌సీ అని పేరు పెట్టుకున్నారు, అంటే మెర్జ్ ఫ్రమ్ కరెంట్. డెవలపర్ తన మార్పును మెయిన్‌లో చేర్చేటప్పుడు, వివరణ కింద ‘ఎంఎఫ్‌సీ ఆఫ్టర్: 1 వీక్’ అని ఒక వరస రాస్తాడు. వారం గడిచాక, దించే వేళయిందని గుర్తుచేస్తూ అతనికి యంత్రమే ఒక మెయిల్ పంపుతుంది. ఆ వారంలో కరెంట్ నడుపుకునే సాహసవంతుల దగ్గర ఏమీ విరగకపోతే మార్పు కిందికి దిగుతుంది. ఇక్కడ పరీక్ష పెట్టేది కాలం.

మూడో కొమ్మ రెండో దానికంటే ఆరేళ్లు చిన్నది. 2001కి ముందు భద్రతా లోపం బయటపడితే వాడకందారుకు రెండే దారులు. ప్యాచ్‌ను చేత్తో వేసుకోవడం ఒకటి, స్టేబుల్ మొత్తాన్ని దించుకుని, అడగని మార్పులన్నీ కూడా మింగడం రెండోది. 4.3 విడుదలతో దానికంటూ ఒక బ్రాంచీ తెరిచి, భద్రతా సవరణలూ తప్పనిసరి దిద్దుబాట్లూ తప్ప మరేదీ అందులోకి రానివ్వకూడదని కట్టడి పెట్టారు. రిలీజ్ అనేది అప్పటిదాకా ఒక రోజున తీసిన ఫొటో. అప్పటి నుంచి అది సంరక్షణ ఉన్న మనిషి అయింది. ఫ్రీబీఎస్‌డీని అప్‌డేట్ చేయడమంటే ఇప్పుడు ఎక్కువమంది ఉద్దేశించేది ఈ సన్నటి ధారనే.

అది ఎంత సన్నటిదో 2014 ఏప్రిల్‌లో తెలిసింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలోని హార్ట్‌బ్లీడ్ లోపం ఆ నెల 7న బయటపడింది. సర్వర్ జ్ఞాపకంలోని రహస్యాలను బయటివాడు చప్పుడు లేకుండా తోడుకోగల లోపమది. ఫ్రీబీఎస్‌డీ 8, 9 శాఖల్లో ఉన్నది పాత 0.9.8 లైబ్రరీ. దానికి హార్ట్‌బీట్ సదుపాయమే తెలియదు కాబట్టి ఆ గాయమూ లేదు. మూడు నెలల కిందట వచ్చిన 10.0లో మాత్రం 1.0.1ఈ ఉంది. మర్నాడే ఫ్రీబీఎస్‌డీ సవరణ వచ్చింది, యంత్రాలు 10.0-రిలీజ్-పీ1 అయ్యాయి. అయితే చాలామంది అప్‌డేట్ చేసుకుని, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ ఎంతని అడిగి, మళ్లీ 1.0.1ఈ అనే జవాబు చూసి కంగారుపడ్డారు. లోపం లేనిదని లోకమంతా చెప్పుకుంటున్నది 1.0.1జీ కదా! జరిగిందేమిటంటే, రిలీజ్ బ్రాంచీలోకి కొత్త లైబ్రరీ రాలేదు. పాత లైబ్రరీలో చిరిగినచోట మాత్రమే కుట్టువేశారు. కొత్త లైబ్రరీతో పాటు వచ్చే ఇతర మార్పులు ఎవరూ కోరలేదు. అందువల్ల రిలీజ్ యంత్రం క్షేమంగా ఉందా అని చూసేందుకు లోపలి భాగాల వెర్షన్లు పనికిరావు. చివర ఉన్న పీ అంకె చూడాలి.

ఆ అంకె కూడా ఒక్కోసారి కొంటెతనం చేస్తుంది. అప్‌డేట్ అయ్యాక యూనేమ్ ఆదేశమిస్తే 14.1-రిలీజ్-పీ5 అని రావచ్చు. అదే యంత్రంలో ఫ్రీబీఎస్‌డీ-వెర్షన్ ఆదేశానికి ‘యు’ జోడించి అడిగితే పీ6 అనవచ్చు. రెండూ నిజమే. మొదటిది నడుస్తున్న కెర్నెల్ సంగతి చెబుతుంది, రెండోది దాని చుట్టూ ఉండే ప్రోగ్రాముల సంగతి. ఆరో సవరణ కెర్నెల్ జోలికి పోలేదు కాబట్టి కెర్నెల్ పీ5 దగ్గరే ఆగింది. దీనికి భిన్నంగా, కెర్నెల్‌కు సవరణ వచ్చి కూడా యంత్రాన్ని రీబూట్ చేయకపోతే, డిస్కులో కొత్తదీ జ్ఞాపకంలో పాతదీ ఉంటాయి. అది మటుకు నిజంగానే కంగారుపడాల్సిన తేడా.

ఈ చిన్న సవరణలు ఇళ్లకు చేరే దారిని వేసినవాడు కాలిన్ పెర్సివల్. అంతకుముందు ఒక్క ప్యాచ్ కోసం సోర్సు దించుకుని, గంటల తరబడి కంపైల్ చేసుకోవాల్సి వచ్చేది. ఆయన రాసిన ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ 2007 జనవరిలో వచ్చిన 6.2తో సిస్టమ్‌లో భాగమైంది. దాని గుండెకాయ బీఎస్‌డిఫ్ అనే మరో ప్రోగ్రాము. సోర్సులో ఒక్క వరస మారినా, కంపైలైన ఫైలులో ఆ వరస తరవాతి భాగమంతా కొన్ని బైట్లు పక్కకు జరుగుతుంది. జరిగినదాన్ని చూపే చిరునామాలన్నీ మారతాయి. మామూలు పోలికకు ఫైలంతా కొత్తదిలాగే కనిపిస్తుంది. ఆ చిరునామాల్లో తేడా చాలాచోట్ల ఒకే అంకె అని పెర్సివల్ గమనించాడు. కొత్త బైటులోంచి పాత బైటును తీసివేస్తే మిగిలేవి ఎక్కువగా సున్నాలూ, అవే అంకెలూ. వాటిని గట్టిగా అదిమితే గుప్పెడంత అవుతుంది. ఈ చిట్కా తరవాత ఆండ్రాయిడ్ ఫోన్ల అప్‌డేట్లలోకి కూడా పాకింది. పెర్సివల్ ప్రస్తుతం ఫ్రీబీఎస్‌డీ రిలీజ్ ఇంజనీరింగ్ బాధ్యత చూస్తున్నాడు.

బ్రాంచీల పద్ధతి అన్నివేళలా సాఫీగా నడవలేదు. 2000 మార్చిలో 4.0 వచ్చాక, ఎక్కువ ప్రాసెసర్లున్న యంత్రాల కోసం కెర్నెల్‌ను మూలమట్టంగా మార్చే పని మెయిన్‌లో మొదలైంది. అప్పటిదాకా కెర్నెల్ మొత్తానికీ జెయింట్ అనే ఒకే తాళం ఉండేది. ఒక ప్రాసెసర్ లోపలికెళితే మిగతావి గుమ్మంలో నిలబడేవి. ఆ ఒక్క తాళాన్ని వందల చిన్న తాళాలుగా విడగొట్టే పని అనుకున్నదానికంటే ఎంతో సాగింది. 2003 జనవరిలో వచ్చిన 5.0ను కొత్త సాంకేతికత రుచి చూడదలచినవారికే అని ప్రాజెక్టే హెచ్చరించింది. స్టేబుల్ అని పిలవదగ్గ స్థితికి రావడానికి 2004 నవంబరులో 5.3 దాకా పట్టింది. ఈలోగా 4వ శాఖ 4.11 వరకు సాగుతూనే ఉంది. మాను ఒకవైపు, కొమ్మ మరోవైపు ఎంత దూరం పోయాయంటే, మెయిన్‌లో రాసిన సవరణ స్టేబుల్‌లో అతకడం మానేసింది. దాదాపు తిరిగి రాయాల్సి వచ్చేది. దారి నచ్చని డెవలపర్ మాథ్యూ డిల్లన్ 2003లో 4వ శాఖ నుంచే విడిపోయి డ్రాగన్‌ఫ్లై బీఎస్‌డీ పెట్టుకున్నాడు. బ్రాంచీ మరీ ఎక్కువకాలం విడిగా ఉంటే ఒక్కోసారి వేరుకాపురమే అవుతుంది.

పనిముట్లు కూడా కొంత కారణమే. అప్పటి కోడ్ సీవీఎస్‌లో ఉండేది. అందులో ప్రతి ఫైలుకూ చరిత్ర విడివిడిగా ఉంటుంది. బ్రాంచీ తీయడమంటే వేల ఫైళ్లలో ఒక్కొక్కదానికీ గుర్తు పెట్టడమే. 2008లో సబ్‌వర్షన్‌కు, 2020 డిసెంబరులో గిట్‌కు మారారు. గిట్‌లో బ్రాంచీ అంటే ఒక మార్పును చూపే చిన్న గురుతు. ఎంఎఫ్‌సీ అంటే చెర్రీ-పిక్ అనే ఒక ఆదేశం. కిందికి దిగిన ప్రతి మార్పులోనూ అది పైన ఏ మార్పు నుంచి వచ్చిందో రాసి ఉంటుంది కాబట్టి, ఏది దిగింది, ఏది మిగిలింది అన్న లెక్క తేలికైంది.

కరెంట్‌లో ఏం జరగవచ్చో 2015 ఫిబ్రవరిలో ఒక హెచ్చరిక చెప్పింది. కరెంట్ కెర్నెల్‌లోని యాదృచ్ఛిక సంఖ్యల యంత్రం సుమారు నాలుగు నెలలుగా సరిగా పనిచేయడం లేదు. యాదృచ్ఛిక సంఖ్యలు ఊహకు అందితే వాటితో చేసిన తాళంచెవులూ అందుతాయి. కెర్నెల్‌ను వెంటనే మార్చి, ఆ కాలంలో తయారైన ఎస్‌ఎస్‌హెచ్ కీలన్నీ పారేసి కొత్తవి చేసుకోమని డెవలపర్లు చెప్పారు. కింది కొమ్మల్లో ఉన్నవారికి ఈ సంగతి వార్తగా తప్ప బాధగా చేరలేదు. కరెంట్ నెమ్మదిగా నడవడానికి కూడా కారణముంది. తాళాల వరస తప్పిందా, జ్ఞాపకం పాడైందా అని అడుగడుగునా చూసుకునే తనిఖీలు అందులో కావాలనే ఉంచుతారు. బ్రాంచీ చీలాకే వాటిని తీస్తారు.

వైర్‌గార్డ్ వ్యవహారంలో మాత్రం వడపోత చివరి గుడ్డ దగ్గర పట్టుకుంది. ఈ వీపీఎన్ సదుపాయపు కెర్నెల్ కోడ్ 2020 నవంబరులో మెయిన్‌లో చేరింది. రెండు నెలలకే చీలిన స్టేబుల్/13లోకి వారసత్వంగా వచ్చేసింది. 2021 మార్చిలో, 13.0 విడుదల గుమ్మంలో ఉండగా, వైర్‌గార్డ్ సృష్టికర్త జేసన్ డొనెన్‌ఫెల్డ్ ఆ కోడ్ చదివి తల పట్టుకున్నాడు. కొందరు డెవలపర్లతో కూర్చుని హడావిడిగా తిరగరాశాడు కూడా. తిరగరాసింది బాగుంటే ఉంచేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ నలగడానికి సమయం దొరకని కోడ్ ఎంత బాగున్నా కొత్తదే. అందుకే మొత్తం తీసేశారు. వైర్‌గార్డ్ లేకుండానే 13.0 ఏప్రిల్‌లో వచ్చింది. మెయిన్‌లో మళ్లీ మొదటి మెట్టు నుంచి నడిచి, 2023 ఏప్రిల్‌లో 13.2తో అది రిలీజ్‌లో అడుగుపెట్టింది.

ఆలస్యం రక్షణగా మారిన సందర్భం మరొకటుంది. 2024 మార్చి 29న, ఎక్స్‌జెడ్ అనే కుదింపు ప్రోగ్రాములో ఎవరో దొంగదారి పెట్టారని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే దొరికిందది. ఆ రోజుకు ఫ్రీబీఎస్‌డీ మెయిన్‌లోనూ, స్టేబుల్/14, స్టేబుల్/13లలోనూ అనుమానిత 5.6.0 వెర్షన్ ఉంది. ఒక్క రిలీజ్‌లోనూ లేదు. స్టేబుల్‌లో ఉన్నవారూ బతికిపోయారు గానీ దానికి కారణం బ్రాంచీ కాదు. దొంగ సరుకు దాగిన ఫైళ్లను దిగుమతిలో వదిలేశారు. పైగా ఆ ఎత్తుగడ లినక్స్‌కు మాత్రమే సరిపోయేలా రాసినది.

ఇంత చెప్పాక నెట్‌ఫ్లిక్స్ సంగతి వింతగా తోస్తుంది. ఆ సంస్థ వీడియోలను ఇళ్లకు పంపే సర్వర్లు నడిచేది ఫ్రీబీఎస్‌డీ మీద, అదీ రిలీజ్ కాదు, మెయిన్ మీద. హైదరాబాద్‌లో గానీ డల్లాస్‌లో గానీ అందులో తెలుగు సినిమా చూసేవారికి బొమ్మ వచ్చేది ఇలాంటి యంత్రాల నుంచే. నెట్‌ఫ్లిక్స్ తన ఇంజనీర్లతో కెర్నెల్‌లో చాలా మార్పులు చేయిస్తుంది. రిలీజ్ మీద కూర్చుంటే రెండేళ్లకోసారి వేల మార్పులను ఒక్కసారిగా కలుపుకోవాలి. విరిగినప్పుడు ఏది విరగ్గొట్టిందో వెతకడం గడ్డివాములో సూది వెతకడమే. కొన్ని వారాలకోసారి కలుపుకుంటే గడ్డి పిడికెడే. కాకపోతే విరిగినప్పుడు బాగుచేసుకోవడానికి కెర్నెల్ రాసేవాళ్లు జీతం మీద ఉండాలి. ఆ వసతి లేనివాళ్ల కోసమే మిగతా కొమ్మలు.

బ్రాంచీ మారేటప్పుడు ఒక వరస పాటించాలి. 13 నుంచి 14కు వెళుతుంటే ముందు కొత్త కెర్నెల్ వేసి, రీబూట్ చేసి, ఆ తరవాతే ప్రోగ్రాములు మార్చాలి. కొత్త కెర్నెల్‌కు పాత ప్రోగ్రాముల భాష తెలుసు. కొత్త ప్రోగ్రాముల పిలుపు పాత కెర్నెల్‌కు అర్థం కాదు. వరస తిరగబడితే లిస్టు చూపే చిన్న ఆదేశం కూడా పనిచేయని స్థితి రావచ్చు. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉన్న యంత్రాల్లో అప్‌డేట్‌కు ముందు మొత్తం సిస్టమ్‌ను బూట్ ఎన్విరాన్‌మెంట్‌గా దాచుకునే సౌకర్యం ఉంది. ఏదైనా చెడితే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకుంటే సరి.

బయటి నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్లకు వేరే చెట్టుంది. పోర్ట్స్ అనే ఆ భాండారంలో 2014 నుంచి మూడు నెలలకో బ్రాంచీ తీస్తున్నారు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో తీసే ఆ కొమ్మల్లోకి ఎక్కువగా భద్రతా సవరణలే వస్తాయి. రోజూ కొత్తది కావాలంటే లేటెస్ట్ అనే మరో ధార ఉంది. రెండు చెట్ల మధ్య అతుకు సరిగా కూర్చోనిది గ్రాఫిక్స్ డ్రైవర్ల దగ్గర. ఆ ప్యాకేజీలను చాలాకాలం, మద్దతున్న విడుదలల్లో అన్నిటికంటే పాతదాని మీద తయారుచేసేవారు. 14.1 లాంటి కొత్త పాయింట్ రిలీజ్‌కు మారిన రోజున డెస్క్‌టాప్ తెర నల్లగా ఉండిపోవడం వాడకందారులకు పాత అనుభవమే. ప్రోగ్రాములకు ఇచ్చినంత గట్టి మాట కెర్నెల్ లోపలి డ్రైవర్లకు దక్కలేదు.

ప్రతి కొమ్మకూ ఆయుష్షు ముందే రాసి ఉంటుంది. 11.0 నుంచి పెద్ద శాఖకు ఐదేళ్లు, పాయింట్ రిలీజ్‌కు తరవాతిది వచ్చాక మరో మూడు నెలలు అన్నది లెక్క. 2025 డిసెంబరులో వచ్చిన 15.0 నుంచి ఐదేళ్లను నాలుగుకు తగ్గించారు. 14.0 బయటికొచ్చింది 2023 నవంబరు 20న. 14.1 మరుసటి జూన్‌లో వచ్చింది. 2024 సెప్టెంబరు 30తో 14.0కు సవరణలు ఆగాయి. ఆ తేదీ దాటినా యంత్రం ఆగదు, వెబ్‌సైట్లు నడుస్తాయి, మెయిళ్లు పోతాయి. కొత్తగా బయటపడే లోపానికి మాత్రం ప్యాచ్ రాదు. మద్దతున్న మరో విడుదలకు మారేదాకా ఆ యంత్రం అంకె చివరి పీ దగ్గరే నిలిచిపోతుంది.